దారిని లెక్కించు బండి

చెరకు బండ్ల కాలము బోధన్ ప్రాంతపు పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి శక్కర్‌నగర్‌లో చెరకు దింపి, పొద్దుపోయిన తరువాత రెంజల్ వైపు మరలిన బండివాడు కాడిని ఎద్దులకు విడిచి, బండిలో నడుము వాల్చి నిద్రపోయినను ఇల్లు చేరెడివాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. ఆ బండ్లును పోయినవి. కాని తోలువాడు లేకయే నడచు బండి అను మాట మన పల్లెలకు మరీ కొత్త కాదని చెప్పుటకే ఈ సంగతి ఎత్తుకొంటిమి.

అయితే ఎద్దునకు తెలిసినది ఒక్క దారి. ఆ దారికి అడ్డముగా చెట్టుకొమ్మ విరిగిపడినచో ఎద్దు నిలిచిపోవును. అప్పుడు యజమాని లేచి, కొమ్మను చూచి, ఎడమ పక్కన బండి పట్టునా, అచటి మట్టి గట్టిదేనా, ఎదురుగా మరియొక బండి వచ్చుచున్నదా అని ఆలోచించి, పగ్గము లాగి తిప్పవలెను. ఈనాటి శాస్త్రజ్ఞులు యంత్రమునకు నేర్పదలచినది ఆ యజమాని చేసిన ఆలోచన. దీనిని వారు మార్గ యోచన అందురు. ఆ యోచనను అంచెలంచెలుగా, లెక్కరూపమున నిర్దేశించు క్రమమునకు అల్గారిథమ్ అని పేరు.

ఇది దూరదేశపు వింత మాత్రమే కాదు. సంగారెడ్డి దగ్గర కందిలో నున్న హైదరాబాదు ఐ.ఐ.టి. యందు ‘తిహాన్’ అను పరిశోధన కేంద్రము కలదు. మనుష్యుడు నడపని నేలబండ్లను, డ్రోనులను గూర్చి పనిచేయుటకు కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ దానికి 130 కోట్ల రూపాయలు కేటాయించినది. అచట నిర్మించిన ప్రయోగ క్షేత్రమును 2022 జూలై 4వ తేదీన కేంద్ర మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ ప్రారంభించిరి. కూడళ్లు, డ్రోనులు దిగు స్థలములు, కృత్రిమముగా వాన కురిపించు ఏర్పాట్లు అందు కలవు. 2025లో ఆ విద్యాసంస్థ ఆవరణలో ఆరుగురు, పదునలుగురు కూర్చుండదగిన డ్రైవరు లేని విద్యుత్ బస్సులు విద్యార్థులను, ఉద్యోగులను చేరవేయసాగినవి.

ఆవరణలోని చక్కని రోడ్డుపై నడచినది రేపు రెంజల్ రోడ్డుపై నడచునా? ఆ ప్రశ్నకు సమాధానము బండి చక్రములలోను, ఇంజనులోను లేదు. అది వేయు లెక్కలో ఉన్నది. ఆ లెక్కలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఏ ఊళ్ల మీదుగా పోవలెను? ఎంచుకొన్న రోడ్డుపై ఏ పక్కగా, ఎట్లు తిరిగి పోవలెను? అందరును కదలుచుండగా ఏ క్షణమున అడుగు వేయవలెను?

మొదటి ప్రశ్నకు జవాబు చాలవరకు దొరికి డెబ్బది యేండ్లు కావచ్చినది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఎడ్జర్ డైక్‌స్ట్రా అను యువకుడు తనకు కాబోవు భార్యతో బజారు తిరిగి అలసి, ఒక కాఫీ హోటలు ముంగిట కూర్చున్నప్పుడు ఇరువది నిమిషములలో ఈ ఉపాయమును ఊహించెను. కాగితము కలము లేకుండ ఆలోచించుటచేతనే అది అంత సులువైనదిగా తేలినదని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెను. 1959లో అది అచ్చయినది.

ఆ ఉపాయమును నిజాంసాగర్ ఆయకట్టు వారికి చెప్పుట కష్టము కాదు. ప్రతి రోడ్డును ఒక కాలువ అనుకొందము. అన్ని కాలువలలోను నీరు ఒకే వేగముతో పారుననుకొందము. బోధన్‌లో తూము ఎత్తినచో నీరు నలుదిక్కులకు పారుచు, ప్రతి ఊరికిని అతిదగ్గర దారిననే మొట్టమొదట చేరును. ఏ కాలువనుండి నీరు ముందుగా వచ్చినదో ప్రతి ఊరిలోను గుర్తు పెట్టుకొన్నచో, కందకుర్తి నుండి ఆ గుర్తులను వెనుకకు పట్టుకొనివచ్చి దగ్గర దారిని తెలిసికొనవచ్చును. డైక్‌స్ట్రా పద్ధతి సారాంశము ఇంతియే.

ఇందు ఒక దుబారా ఉన్నది. గోదావరి ఒడ్డున నున్న కందకుర్తి బోధన్‌కు ఉత్తరముగా ఉన్నది. అయినను నీరు తూర్పున నిజామాబాదు వైపును, దక్షిణమున నిజాంసాగర్ వైపును కూడ సమానముగా పారుచుండును. దారి వెదకు మనుష్యుడు అట్లు చేయడు. గోదావరి ఏ దిక్కున ఉన్నదో తెలిసినవాడు ఆ దిక్కు దారులనే ముందుగా పరిశీలించును. 1968లో పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్‌ట్రామ్ రాఫెల్ అను ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఈ బుద్ధిని లెక్కలో చేర్చిరి. ఇంతవరకు నడచిన దూరమునకు, ఇక మిగిలిన దూరముపై ఒక అంచనాను కలిపి, మొత్తము తక్కువగా ఉన్న దారినే ముందు సాగదీయుట వారి పద్ధతి. ఆ అంచనా అసలు దూరమును ఎన్నడును మించరాదు. కాకి ఎగిరినట్లు కొలిచిన తిన్నని దూరము అట్టిదే. ఈ నియమము పాటించినచో పని తగ్గును, జవాబు మాత్రము తప్పదు. ఏ-స్టార్ అను పేరుగల ఈ పద్ధతియే తరువాతి పద్ధతులెన్నింటికో మూలమైనది.

రెండవ ప్రశ్న ఇంతకంటె చిక్కైనది. పటముపై ఊరు ఒక చుక్క, రోడ్డు ఒక గీత. నేలపై బండికి పొడవు కలదు, వెడల్పు కలదు. కారు పీతవలె పక్కకు నడవలేదు. చెరకు నింపిన ట్రాలీని ఇరుకు సందులో వెనుకకు తిప్పిన ట్రాక్టరు డ్రైవరునకు ఈ మాట వేరుగా చెప్పవలసిన పని లేదు. పటముపై ఒక గడి నుండి ప్రక్క గడికి గీత గీయవచ్చును గాని, ఆ గీత వెంట చక్రము తిరుగవద్దా? కావున బండి ఏ దిక్కునకు మొగము పెట్టియున్నది, స్టీరింగు ఎంతవరకు తిరుగును అను విషయములను కూడ లెక్కలో చేర్చి, తిరుగదగిన వంపులనే పరిశీలించు పద్ధతి ఏర్పడినది. 2007లో అమెరికాలో నకిలీ పట్టణ వీథులయందు జరిగిన పోటీలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ‘జూనియర్’ అను కారు ఈ విధముగానే దారి ఎంచుకొని రెండవ స్థానము పొందినది. మొదటి స్థానము కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు ‘బాస్’ అను బండికి దక్కినది.

వేరొక పద్ధతి చింతచెట్టు వేరువంటిది. 1998లో స్టీవెన్ లావాల్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో కంప్యూటరు ఖాళీ స్థలమునందు ఎచటనో ఒకచోట గుడ్డిగా ఒక చుక్క ఎంచుకొని, తనకున్న కొమ్మలలో దానికి దగ్గరి కొమ్మను ఆ వైపు కొంచెము సాగదీయును. వేలకొలది మారులు ఇట్లు చేయగా కొమ్మలు సందుగొందులలోనికి ప్రాకి, తుదకు గమ్యమును తాకును. త్వరగా దారి దొరకుట దీని గుణము. దొరకిన దారి వంకరటింకరగా ఉండుట దీని దోషము. 2011లో సెర్తాచ్ కరమాన్, ఎమిలియో ఫ్రాజోలీ అనువారు ఈ దోషమును సవరించిరి. కొత్త కొమ్మ పుట్టినప్పుడెల్ల చుట్టుపట్ల నున్న పాతకొమ్మలకు దానిద్వారా దగ్గర దారి ఏర్పడునేమో చూచి, ఏర్పడినచో వానిని తెంచి కొత్తదానికి అతుకుట వారి సవరణ. లెక్కకు కాలమిచ్చిన కొలది దారి చక్కబడుచు పోవును.

దారిని చక్కబరచుట ఒక ఎత్తు. దారి చెడినప్పుడు మరల చక్కదిద్దుకొనుట మరియొక ఎత్తు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో 11 మీటర్లు దాటును. అది సెకనుకు పది మారులు ఆలోచించుకొన్నదనుకొన్నను ఒక ఆలోచనకు మరియొక ఆలోచనకు నడుమ మీటరునకు పైగా ముందుకు పోయియుండును. ప్రతి మారును మొదటినుండి లెక్క వేయుటకు తీరిక ఏది? అందుచేత 1994లో ఆంథొనీ స్టెంట్జ్ అను పరిశోధకుడు, మారిన భాగమునకు సంబంధించిన లెక్కను మాత్రమే దిద్దుకొని మిగిలినదానిని అట్లే నిలుపుకొను పద్ధతిని ప్రకటించెను. ఇంటి పద్దులలో ఒక అంకె తప్పినచో పుస్తకమంతయు చింపివేయక, ఆ అంకెనుండి క్రిందికి దిద్దుకొనుట వంటిది ఇది.

ఇట్టి సవరణల ఫలము ఎంత త్వరగా కనబడినదో ఒక ఉదాహరణము చాలును. 2004 మార్చిలో అమెరికాలోని మొజావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు పందెము పెట్టినప్పుడు అన్నిటికంటె ముందు నిలిచినది పోయిన దూరము దాదాపు 12 కిలోమీటర్లు మాత్రమే. గమ్యమును ఒక్కటియు చేరలేదు. మరుసటి యేడు, 2005 అక్టోబరులో, సుమారు 212 కిలోమీటర్ల దారిని అయిదు బండ్లు పూర్తిచేసినవి. దారి గుర్తించుటలోను, ఎంచుకొనుటలోను దాదాపు పందొమ్మిది నెలలలో కలిగిన అభివృద్ధి అట్టిది.

కాని ఎడారిలో మనుష్యులు లేరు. మూడవ ప్రశ్న అసలు మనుష్యులతోనే పుట్టుచున్నది.

వరి కోతల రోజులలో రెంజల్ మండలపు రోడ్డునొకదానిని ఊహింపుడు. రోడ్డు సగము వెడల్పున వడ్లు ఆరబోసియున్నవి. వాని అంచున రాళ్లు పేర్చియున్నవి. మిగిలిన సగములో ఎదురుగా లారీ వచ్చుచున్నది. వెనుకనుండి మోటారు సైకిలు హారను మ్రోగించుచున్నది. ఎడమ ప్రక్క మట్టిపై రెండు బర్రెలు నిలిచియున్నవి. వాని వెనుక పిల్లవాడున్నాడో లేడో కనబడదు. అనుభవముగల డ్రైవరు ఏమి చేయును? లారీ డ్రైవరు వేగము తగ్గించినాడా లేదా అని చూచును. తగ్గించినచో మెల్లగా ముందుకు కదలును. తగ్గించనిచో మట్టిమీదికి సగము దిగి ఆగును. ఇదంతయు రెండు మూడు సెకనులలో, మాట లేకుండ జరిగిపోవును.

యంత్రమునకు ఇది మూడు విధముల కష్టము. మొదటిది, ఎదుటివాని ఉద్దేశము కంటికి కనబడు వస్తువు కాదు. లైడార్ అను కాంతి పరికరము లారీ ఎంత దూరమున ఉన్నదో చెప్పునే గాని, ఆగునో లేదో చెప్పదు. దానిని ఊహింపవలెను. రెండవది, మితిమీరిన జాగ్రత్త. ఎదుటివారు ఎటైనను పోవచ్చునని భయపడిన యంత్రమునకు ప్రతి దారియు అపాయకరముగా తోచి, అది ఉన్నచోటనే నిలిచిపోవును. 2010లో పీటర్ ట్రాట్‌మన్, ఆండ్రియాస్ క్రౌజ్ అను పరిశోధకులు దీనిని మరమనిషి గడ్డకట్టుకొనిపోవుటగా వర్ణించిరి. వారు చూపిన మార్గము మన రోడ్లపై నడచువారికి తెలిసినదే. నేను కదలినచో ఎదుటివాడును కొంత ఒదుగును, అతడు కదలినచో నేనును ఒదుగుదును అను పరస్పర భావమును లెక్కలో చేర్చవలెను. సంతలో జనము ఒకరినొకరు తగులకుండ నడచుట ఈ ఒప్పందము మీదనే గదా!

మూడవ కష్టమే అన్నిటికంటె లోతైనది. యంత్రము రోడ్డును చిన్నచిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క వెల కట్టును. గోడకు వెల అనంతము. నున్నని తారుకు స్వల్పము. మొత్తము వెల తక్కువైన దారిని ఎంచుకొనుటయే దాని ధర్మము. ఇప్పుడు ఆరబోసిన వడ్లకు వెల యెంత? బొటనవ్రేలి ఎత్తైనను లేని ఆ పొర చక్రమునకు అడ్డు కాదు. ఎత్తును మాత్రమే కొలుచు యంత్రమునకు అది సమమైన నేల. దానిపైనుండి పోవుట సులభము, దగ్గర, బండికి అపాయము లేనిది. కాని ఆ పొర ఒక కుటుంబపు ఆరు నెలల కష్టము. దానికి మారుగా ప్రక్కనున్న మట్టి అంచు యంత్రమునకు రోడ్డుగా తోచకపోవచ్చును. మనకు మాత్రము అది అక్కరపడినప్పుడు దిగదగిన దారియే.

హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. పరిశోధకులు ఈ లోపమును గుర్తించియే ఇంటెల్ సంస్థతో కలిసి 2018లో మన రోడ్ల చిత్రముల సంపుటమును వెలువరించిరి. హైదరాబాదు, బెంగళూరు నగరములలోను పరిసరములలోను 182 ప్రయాణములలో తీసిన 10,000 చిత్రములు అందు కలవు. వానిలోని వస్తువులను 34 తరగతులుగా వేరుచేసి, ప్రతి చిత్రములోను అంచులు గుర్తించిరి. పాశ్చాత్య నగరముల చిత్రములతో నేర్చిన యంత్రమునకు ఆటోరిక్షా అపరిచితము. ఇందు దానికి ప్రత్యేక స్థానము కలదు. అంతకంటె ముఖ్యముగా, రోడ్డు కాకపోయినను అవసరమునకు బండి దిగదగిన ప్రక్క నేలకు ఒక తరగతిని, దిగరాని ప్రక్క నేలకు మరియొక తరగతిని ఏర్పరచిరి. మన బండివానికి పుట్టుకతో తెలిసిన భేదము ఈ విధముగా శాస్త్ర పరిభాషలోనికి ఎక్కినది.

ఇంత శ్రమ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్లపై 4,61,312 ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. అనగా రోజుకు 460 మందికి పైగా. వారిలో నూటికి నలుబది నలుగురు ద్విచక్ర వాహనములవారు. నిద్రమత్తు, తొందర, త్రాగుడు యంత్రమునకు లేవు. వేసిన లెక్క మంచిదైనచో అది వేయి మారులును ఒకే విధముగా పాటించును. లెక్క చెడ్డదైనచో ఆ చెడ్డ పనిని కూడ వేయి మారులు ఒకే విధముగా చేయును. అందుచేతనే ఆ లెక్క బాగుపడుట ప్రాణములతో కూడిన విషయము.

దీనికి ఎదురు వాదమును బలమైనదే. 2023లో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ, డ్రైవర్ల ఉపాధి పోవునుగాన డ్రైవరు లేని కార్లను దేశములోనికి రానీయనని చెప్పిరి. ట్రాక్టరు, ఆటో, లారీ నడిపి బ్రదుకు వారు మన జిల్లాలో ప్రతి ఊరను ఉన్నారు. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. అయితే ఈ లెక్క యావత్తు డ్రైవరును దింపివేయుటకే పనికివచ్చుననుట సరికాదు. డ్రైవరు కూర్చుండగనే, ఎదుట అపాయమును ముందుగా లెక్కించి హెచ్చరించుటకు, అతని కాలు ఆలస్యమైనప్పుడు బ్రేకు వేయుటకు ఈ విద్యయే ఆధారము. అట్టి ఏర్పాట్లుగల కార్లు మన దేశమున ఇప్పటికే అమ్ముడగుచున్నవి. రాత్రంతయు లారీ నడిపి తెల్లవారుజామున కనురెప్ప వాలిన డ్రైవరునకు అది శత్రువు కాదు, తోడు.

మన పల్లెలకు ఈ విద్య మొదట రోడ్డుమీదుగా గాక పొలముమీదుగా వచ్చుట సహజము. పొలములో ఎదురు లారీ లేదు. అచట ప్రశ్న వేరు. గమ్యము చేరుట కాదు, ప్రతి అడుగు నేలను ఒకే మారు తాకుట. ఈ మార్గ యోచనకు పాశ్చాత్య శాస్త్రజ్ఞులు వాడు గ్రీకు మాటకు ఎద్దు మరలినట్లు అని అర్థము. సాలు చివర ఎద్దు మరలి, ప్రక్క సాలుననే తిరిగి వచ్చుటయే ఆ పద్ధతి. నూరు మీటర్ల పొడవు, ఏబది మీటర్ల వెడల్పుగల మడిలో రెండు మీటర్ల వెడల్పున దున్ను ట్రాక్టరు పొడవు వెంట పోయినచో 25 సాళ్లు, 24 మలుపులు. అడ్డముగా పోయినచో 50 సాళ్లు, 49 మలుపులు. దున్నినది అదే నేల. కాని మలుపుకు మలుపుకు డీజిలు కాలును, గట్టు ప్రక్క నేల త్రొక్కుడుపడి గట్టిపడును. మన రైతు పొడవు వెంట దున్నుటలో నున్న వివేకమును యంత్రము ఇప్పుడు లెక్కవేసి తెలిసికొనుచున్నది. మడి చతురస్రము కాక, నడుమ బావి, మూలన చెట్టు ఉన్నప్పుడు పొలమును ఏ ముక్కలుగా విభజించి ఏ దిక్కున దున్నవలెనను లెక్క మాత్రము మనుష్యునకును సులభము కాదు. మందు చల్లు డ్రోనునకును ఈ లెక్కయే వర్తించును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఒక విషయము స్పష్టము. దగ్గర దారి కనుగొను విద్య మనుష్యజాతికి 1956లోనే చేజిక్కినది. ఆ తరువాతి కృషి యంతయు దేనికి ఎంత వెల కట్టవలెనను విచారమునకే దారితీసినది. వేగమునకు ఎంత? కుదుపునకు ఎంత? బర్రెల వెనుక ఉన్నాడో లేడో తెలియని పిల్లవానికి ఎంత? ఈ వెలలను గణితము తనంతట నిర్ణయింపదు. మనుష్యులు నిర్ణయించి దానికి ఇత్తురు. మంచి కల్లములు కట్టించి వడ్లను రోడ్డు దింపుట మన ఊళ్లు చేయదగిన పని. అంతవరకు, వడ్లున్న రోడ్డునే నిజమైన రోడ్డుగా ఎంచి లెక్క కట్టుట శాస్త్రజ్ఞులు చేయవలసిన పని. రోడ్డుపై వడ్లు ఆరబోసిన రెంజల్ రైతునకు ఈ అల్గారిథములు తెలియనక్కర లేదు. వానిని వ్రాయువారికి మాత్రము ఆ వడ్లు తెలియవలెను.